గుండె మీద మంచు

పోయిన వారం బంతులమ్మను ఆసుపత్రిలో ఎక్స్‌రే స్క్రీనింగ్ గది చీకట్లో, తెర ముందు నిలబెట్టి వచ్చాం. ఆమె అక్కడే ఉండిపోలేదు. ఎక్కడికి వెళ్ళిందో చెప్పేముందు ఆ తెర మీద ఏం కనబడిందో మరోసారి గుర్తు చేసుకోవడం మంచిది. ఇవాళ్టి రభస అంతా దాని చుట్టూనే.

బంతులమ్మ అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. గుండె ఆపరేషన్ అయినవాళ్ళ చేత ఊపిరి కసరత్తులు చేయించడం ఆమె ఉద్యోగం. మూడు గదులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది, గదికో బంతి. పైపు నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఎన్ని లేస్తే ఊపిరితిత్తులు అంత బాగా విచ్చుకున్నట్టు. కుట్లు నొప్పి బాబోయ్ అని పేషెంట్లు మొత్తుకున్నా ఈమె వదలదు. ఇంకొక్కసారి, ఇంకొక్కసారి అంటూ ప్రాణాలు తోడేస్తుంది. అలా వచ్చింది ఆ పేరు.

ఆమె మామగారు గాజు మేస్త్రీ. లాబొరేటరీలకు కావలసిన బుడ్లు, మెలికల గొట్టాలు, ఒకదాని కడుపులో ఇంకొకటి ఇమిడే పాత్రలు మంట ముందు కూర్చుని ఊది తయారుచేస్తాడు. ఆయన గుండెలో మూడు చోట్ల బ్లాకులున్నాయని తేలింది. బైపాస్ చేసింది ఎవరో కాదు, బంతులమ్మ కన్నతండ్రి. ఊళ్ళో అందరూ పెద్ద డాక్టరనే పిలుస్తారు. సొంతవాళ్ళ మీద కత్తి పెట్టకూడదని డాక్టర్లలో ఒక కట్టుబాటుంది. "ఇంట్లో ఇంత పెద్ద డాక్టరుండగా బయటివాళ్ళ చేతుల్లో పెడతామా?" అని అత్తగారు ఒక్క ముక్కతో ఆ కట్టుబాటును ఊడ్చి అవతల పారేసింది.

ఆపరేషన్‌కి ముందు బంతులమ్మ ఒక మాట ఇచ్చింది, ఒక మాట తీసుకుంది. "మీ ఊపిరికి నాది పూచీ మామయ్యా" అని మామగారికి ఇచ్చింది. బైపాస్ గుండె ఆపీ చేస్తారు, ఆపకుండానూ చేస్తారు, ఆపితే చుట్టూ మంచు నింపేవాళ్ళున్నారు, అది ఊపిరికి ముప్పు. "గుండె ఆపొద్దు నాన్నా, మంచు అసలే వద్దు" అని తండ్రి దగ్గర తీసుకుంది. ఇప్పుడు ఆపరేషనై రెండు నెలలు దాటింది. గుండె భేషుగ్గా కొట్టుకుంటోంది. మేస్త్రీ మాత్రం మంచం మీద వెల్లకిలా పడుకోలేక కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నాడు. నాలుగు మాటలు మాట్లాడితే ఐదోదానికి ఆగుతున్నాడు. బంతులు మూడిట్లో ఒకటి లేస్తోంది, రెండోది లేవనా వద్దా అని ఆలోచిస్తోంది.

నిన్న స్క్రీనింగ్ గదిలో టెక్నీషియన్, "ఏదో వాసన చూసినట్టు ముక్కుతో గబుక్కున ఎగబీల్చండి" అన్నాడు. మేస్త్రీ ఎగబీల్చాడు. ఊపిరితిత్తుల కింద గొడుగులా పరుచుకుని ఒక కండరం ఉంటుంది, డయాఫ్రం అంటారు. గాలి పీల్చినప్పుడల్లా అది కిందికి దిగాలి. తెర మీద కుడి సగం దిగింది. ఎడమ సగం దిగకపోగా పైకి లేచింది.

"నా లోపల ఏం నాటకం జరుగుతోంది అమ్మాయీ?" అని నవ్వుతూ అడిగాడు మేస్త్రీ.

"నాన్నని అడిగి చెప్తాను మామయ్యా" అంది బంతులమ్మ. అక్కడే మనం ఆపాం.

ఆమెకు ఆ రాత్రి కునుకు పట్టలేదు. డయాఫ్రాన్ని ఆడించే నరం మెడ దగ్గర బయల్దేరి గుండెను ఆనుకుని కిందికి దిగుతుంది. బైపాస్‌లో అది దెబ్బతినడానికి ముఖ్యంగా రెండు దారులు. బ్లాకు దాటించడానికి వాడే రక్తనాళాన్ని రొమ్ము ఎముక వెనకనుంచి వేరుచేసేటప్పుడు కరెంటు కత్తి వేడి తగిలి కాలిపోవచ్చు. లేదా, ఆపిన గుండె చుట్టూ మంచుపొడి నింపినప్పుడు ఆ చలికి మొద్దుబారిపోవచ్చు. కాలిన నరం మీద ఆశ పెట్టుకోవడం దండగ. మొద్దుబారినదైతే నెలల మీద, ఒక్కోసారి ఏడాది దాటాక, మెల్లిగా నిద్ర లేస్తుంది.

ఇక చిక్కు చూడండి. గుండె ఆపలేదు, మంచు వేయలేదు అని పెద్ద డాక్టరు ఆపరేషన్ రోజున థియేటర్ బయట అందరి ముందూ చెప్పాడు. ఆ మాట నిజమైతే మంచు దారి మూసుకుపోయినట్టే, మిగిలింది కాలిన దారి. తండ్రి నిజం చెప్పి ఉంటే మామగారికి ఆశ లేదు. మామగారికి ఆశ ఉండాలంటే తండ్రి అబద్ధమాడి ఉండాలి. కన్నతండ్రి అబద్ధాలకోరు కావాలని తెల్లవార్లూ కోరుకున్న కూతురు ఈ లోకంలో ఈమె ఒక్కతే అయ్యుంటుంది.

పొద్దున బయల్దేరుతుంటే ఆమె భర్త గుమ్మం దాకా వచ్చాడు. మేస్త్రీ పక్కనే కూర్చుని గాజు ఊదడం నేర్చుకున్నవాడు.

"నాన్న మళ్ళీ ఊదుతాడా లేదా? అవునో కాదో ఒక్కమాట తెలిస్తే చాలు. మొన్న నాకు తెలీకుండా మంట ముందు కూర్చున్నాడు. బుడ్డి సగం ఉబ్బేసరికి ఊపిరి అయిపోయింది. అది ఒక పక్కకి కూలబడింది. 'చూడరా, ఇది కూడా నాలాగే ఎడమపక్క పడింది' అని నవ్వాడు. ఆ నవ్వు చూడలేకపోయాను."

"సాయంత్రానికి చెప్తాను" అంది ఆమె. ఎవరి తరఫున చెబుతోందో ఆమెకే తెలియలేదు. ఇటు అత్తిల్లు, అటు పుట్టిల్లు, మధ్యలో తను అడకత్తెరలో పోకచెక్కలా ఉంది.

పుట్టింట్లో తల్లి తలుపు తీసింది. "ఏంటే, చెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? ముఖం అలా పీక్కుపోయిందేం? ఏమైనా తిన్నావా?"

"నాన్నేరీ?"

"పైన వరండాలో. పుస్తకం రాస్తున్నారట." ఆ 'ట' అనడంలో ఏదో ఉంది. బంతులమ్మ అది తర్వాత గుర్తు చేసుకుంది, అప్పుడు పట్టించుకోలేదు.

పెద్ద డాక్టరు పేము కుర్చీలో కూర్చుని ఉన్నాడు. బల్ల మీద కాగితాలున్నాయి, వాటి మీద పెన్నుంది, పెన్నుకి మూత పెట్టి ఉంది. కూతుర్ని చూడగానే పక్కనున్న తువ్వాలు తీసి కుర్చీ చేతి మీద కప్పాడు. దొంగకు తేలు కుట్టినప్పుడు కదిలినట్టు ఒక్కసారి కదిలి, మళ్ళీ ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు.

"రా అమ్మలూ. బావగారెలా ఉన్నారు?"

"గుండె బాగుంది నాన్నా."

"బాగుండక ఏం చేస్తుంది? ఆ కుట్లు ఇంకో ఇరవయ్యేళ్ళు గ్యారంటీ."

"నిన్న స్క్రీనింగ్ చేయించాను."

పెద్ద డాక్టరు పెదాల మీద నవ్వు అలాగే ఉండిపోయింది, కళ్ళలోది మాత్రం వెళ్ళిపోయింది. "నాకు చెప్పకుండానా?"

"ఎడమ డయాఫ్రం ఎదురు నడుస్తోంది. పీలిస్తే పైకి పోతోంది."

ఆయన పక్కకి తల తిప్పాడు. పిట్టగోడ అవతల పక్కింటి డాబా మీద ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు. ఆ చప్పుడు ఆగేదాకా చూసి, క్లాసులో చెప్పే గొంతు తెచ్చుకున్నాడు.

"ఛాతీ తెరిచాక ఊపిరితిత్తులు కొన్నాళ్ళు బద్ధకిస్తాయి. నీకు నేను చెప్పాలా? ఎముక కోస్తాం. ఎడమవైపు ఊపిరితిత్తి చుట్టూ ఉన్న పొర తెరుస్తాం. నీళ్ళు చేరతాయి. నొప్పికి మనిషి గట్టిగా ఊపిరి తీసుకోడు. ఏ పద్ధతిలో చేసినా మొదట్లో శ్వాస సగానికి పడిపోతుంది. పక్కటెముకల మధ్య చిన్న గాటు పెట్టి చేసేవాళ్ళున్నారు. వాళ్ళ పేషెంట్లకీ ఆపరేషన్‌లో ఒక ఊపిరితిత్తిని ముడిచి పెట్టాల్సిందే. పద్ధతిని బట్టి కష్టం మారుతుంది కానీ కష్టం లేకుండా పోదు."

"మొదట్లో నాన్నా. మొదట్లో. నా దగ్గరికొచ్చే వాళ్ళందర్నీ చూస్తున్నాను. గుండె ఆపి, దాని పని చేసే మెషీన్ మీద పెట్టినవాళ్ళూ వస్తారు, పెట్టనివాళ్ళూ వస్తారు. తేడా ఉందని కొందరు డాక్టర్లంటారు, లేదని కొందరంటారు. ఏదైనా ఈపాటికి మెట్లెక్కి వచ్చి నాతో పోట్లాడతారు, 'ఇంక ఆ బంతులు మాకొద్దు' అని. మామయ్య కుర్చీలో కూర్చుని నిద్రపోతున్నారు."

అప్పుడే తల్లి టీ పట్టుకొచ్చింది. కూతురి కప్పు నిండుగా ఉంది. భర్త కప్పు సగమే ఉంది.

"నాన్నకి సగమే పోశావేం అమ్మా?"

"ఆయనకంతే చాల్లే" అంది తల్లి. కప్పును ఆయన చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టి, అనవసరంగా సాసరు ఒకసారి సర్ది, కిందికి వెళ్ళిపోయింది. ఆయన కప్పు ముట్టుకోలేదు.

బంతులమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "నిన్ను ఒక్కటే అడుగుతాను. నరం కాలిందా, చల్లబడిందా?"

"మంచు వెయ్యలేదని అప్పుడే చెప్పానుగా."

"అయితే కాల్చేశావా?"

"నోర్ముయ్!" పెద్ద డాక్టరు గొంతు వరండా దాటి వినబడి ఉంటుంది. "ఎన్ని గుండెలు కుట్టాయే ఈ చేతులు! నువ్వు పుట్టకముందు నుంచీ చేస్తున్నాను. బంతులాడించేదానివి, నన్ను నిలదీస్తావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. చిన్నప్పుడు డాక్టరవుతావా అని ఈయనే అడిగితే, కాదు నాన్నా, నువ్వు కోసి పంపేవాళ్ళని నేను నడిపిస్తాను అంది ఆమె. అందుకు అప్పట్లో ఎంత మురిసిపోయాడో. ఇప్పుడు అదే ఉద్యోగాన్ని ముఖం మీద కొట్టాడు. ఆమెకు ఏడుపొచ్చింది. దాన్ని అక్కడే మింగి అంది:

"బంతులాడించేదాన్నే. అందుకే అడుగుతున్నా. కాలితే మామయ్యకి నిజం చెప్పేస్తాను, మంట ఆర్పేసి వేరే పని చూసుకుంటారు. చల్లబడితే ఏడాది ఆగమంటాను, రోజూ కసరత్తు చేయిస్తాను, కాళ్ళు పట్టుకునైనా చేయిస్తాను. ఏడాది ఆగాలా, ఇవాళే వదులుకోవాలా? ఇది నువ్వు చెబితే తప్ప ఎలా తెలుస్తుంది?"

ఆయన లేవబోయాడు. లేస్తూ అలవాటుగా కుర్చీ చేతిని పట్టుకున్నాడు. తువ్వాలు జారి కింద పడింది.

కుర్చీ చేతి పొడవునా నీలం దారంతో ముళ్ళు వేసి ఉన్నాయి. కుట్లు వేసే దారం. సర్జరీ చదివే కుర్రాళ్ళు ముడి వేయడం చేతికి అలవాటు కావాలని దొరికిన ప్రతిదానికీ, మంచం కోళ్ళకీ తలుపు గడియలకీ వేస్తుంటారు. పెద్ద డాక్టరు అవన్నీ ఎప్పుడో దాటొచ్చిన మనిషి. పోనీ వేశాడే అనుకుందాం, ఆయన ముళ్ళు అచ్చుగుద్దినట్టుండాలి. ఇవి అలా లేవు. కొన్ని వదులుగా, కొన్ని ఒకదాని మీదొకటి పడి, కొన్ని సగంలో ఆపేసి ఉన్నాయి. బంతులమ్మ వంగి ఒక ముడిని గోటితో తాకింది. అది జారి ఊడిపోయింది.

ఆమె తలెత్తి తండ్రి ముఖం చూడలేదు. కుడిచేయి చూసింది. ఆయన దాన్ని ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. పట్టుకున్నా బొటనవేలు ఆగడంలేదు. అమ్మ సగం కప్పు ఎందుకు పోసిందో ఆమెకు అప్పుడర్థమైంది.

"ఎప్పట్నించి నాన్నా?"

పెద్ద డాక్టరు మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కూర్చున్నది ఇందాకటి మనిషి కాదు. "చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అనేది మా అమ్మ. ఇక్కడ పోయేది నా ప్రాణం కూడా కాదు. అందుకే ఇన్నాళ్ళు నోరు మూసుకోగలిగాను. అది తలుచుకుంటేనే సిగ్గేస్తోంది."

"ఎప్పట్నించి?"

"బావగారి ఆపరేషన్‌కి ముందే మొదలైంది. అప్పుడప్పుడు వచ్చి పోయేది. నిద్ర లేదు, కాఫీ ఎక్కువైంది అనుకున్నాను. పేషెంటుకైతే అలా అనుకోనిస్తానా? నాకు నేను డాక్టర్ని కదా, ఎంత చెబితే అంత." నవ్వబోయి మానుకున్నాడు. "ఆ రోజు నీకిచ్చిన మాట ప్రకారమే మొదలుపెట్టాను. గుండె ఆపలేదు. కొట్టుకుంటున్న గుండె మీద కుట్టాలంటే, కుట్టే చోటును ఒక పరికరంతో అదిమి పడతాం. అయినా అది అదురుతూనే ఉంటుంది. ఆ అదురుతో పాటు మన చెయ్యి నడవాలి. మొదటి కుట్టు పడింది. రెండోది పడలేదు. గుండె కదుల్తోంది, నా చెయ్యి కదుల్తోంది. రెండూ కదిలితే సూదికి దిక్కెవరు?"

"పక్కనున్న డాక్టరుకి ఇచ్చేయాల్సింది."

"ఇచ్చేయాల్సింది" అని ఒప్పుకున్నాడు ఆయన. "ఇవ్వలేదు. అహం అను, భయం అను. మెషీన్ మీదికి మార్చమన్నాను. గుండె ఆపాను. ఆగిన గుండె మీదైనా నా చెయ్యి నెమ్మదిగా నడుస్తుందని తెలుసు. చాలాసేపు ఆపి ఉంచాలి. అంతసేపు ఆగితే కండరం పాడైపోతుంది. చల్లగా ఉంటే తట్టుకుంటుంది. అందుకని..."

"మంచు వేశావు."

"తెప్పించి వేశాను. నేను పని నేర్చుకునే రోజుల్లో అందరం వేసేవాళ్ళం. ఎప్పుడో మానేశాను. ఆ రోజు భయంలో చేతికి పాత పద్ధతే గుర్తొచ్చింది. నరానికి అడ్డంగా గుడ్డ పెట్టాలన్నది కూడా గుర్తు రాలేదు."

థియేటర్‌లో ఉన్నవాళ్ళందరూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. గురువుగారి మీద నోరెత్తేవాళ్ళు వాళ్ళలో లేరు. థియేటర్ బయట నిలబడ్డ కూతురికి తండ్రి మాట వేదం. అబద్ధం కాలు మీద కాలేసుకుని రెండు నెలలు హాయిగా బతకడానికి ఇంతకన్నా ఏం కావాలి?

బంతులమ్మకు కోపం రావాలి. ముందు వచ్చింది సంతోషం. మంచు! కాల్చలేదు, కొయ్యలేదు, మంచు! నరం చచ్చిపోలేదు, పడుకుంది. ఆ సంతోషం ఒక్క క్షణం ఆమెను ఊపేసింది, మరుక్షణం సిగ్గుతో తల దించుకుంది. తండ్రి కూలిపోయి ఎదురుగా కూర్చుంటే లోపల పండగ చేసుకుంటోందా తను?

"గుండెను కాపాడాను అమ్మలూ" అన్నాడు ఆయన, ఎవరో కాదంటున్నట్టు. "ఆ గుండె ఇవాళ గుర్రంలా ఉంది."

"గుర్రం బాగానే ఉంది నాన్నా. రౌతుకే ఊపిరాడ్డం లేదు."

టీ మీద మీగడ కట్టింది.

"ఆ తర్వాత ఇంకెవరికైనా చేశావా?" భయపడుతూ అడిగింది.

"లేదు. ఆ రోజు నుంచి కత్తి ముట్టుకోలేదు. పుస్తకం రాసుకుంటానని సెలవు పెట్టాను. రోజూ ఇక్కడ కూర్చుని ముళ్ళు వేస్తున్నాను. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి చెయ్యి దారికొస్తుందని. మీ అమ్మ సాయంత్రాలు వాటిని ఊడదీసి కుర్చీ తుడిచి పెడుతుంది. ఒక్క మాట అడగలేదు."

బంతులమ్మ లేచి వెళ్ళి తండ్రి చేయి తన చేతుల్లోకి తీసుకుంది. ఈ చేయి పట్టుకునే ఆమె నడక నేర్చుకుంది. ఇప్పుడది ఆమె అరచేతిలో పిట్టలా కొట్టుకుంటోంది. తండ్రి మీద జాలి, మామగారి మీద జాలి, తన మీద తనకు మంట, మూడూ ఒక్కసారే కమ్ముకున్నాయి. మాట తీసుకున్నది తనే. గుండె ఆపొద్దు అని పట్టుబట్టకపోతే ఈయన ముందే వేరే దారి చూసుకునేవాడేమో.

"సరే. విను నాన్నా. ఇప్పుడు చెయ్యాల్సింది చేద్దాం. నరానికి కరెంటు పరీక్ష చేసే డాక్టరు దగ్గరికి మామయ్యను తీసుకెళ్తాను. ఆపరేషన్‌లో మంచు వేశారా అనే ఆయన మొదట అడుగుతాడు. వేశారు అని నేను చెప్పను, నువ్వే చెప్పాలి. దానికన్నా ముందు మామయ్యకి చెప్పాలి, నీ నోటితో నువ్వే."

పెద్ద డాక్టరు చేయి వెనక్కి లాక్కున్నాడు. "ఇంకో సంగతుంది."

"ఏంటది నాన్నా?"

"మంచు వేశానని చెప్పానే కానీ, కాల్చలేదని నేను అనలేదు. మంచుకి చాలా ముందు, రొమ్ము ఎముక వెనక రక్తనాళం తీస్తున్నప్పుడు, పైన మొదటి పక్కటెముక దగ్గర, ఒక్కసారి చెయ్యి ఎగిరింది. కరెంటు కత్తి చేతిలోనే ఉంది. నరం అక్కడికి చాలా దగ్గర. తగిలిందో లేదో నేను చూళ్ళేదు. చూడటానికి ధైర్యం చాల్లేదు. చూస్తే ఆపాల్సొస్తుంది కదా."

ఇందాకటి సంతోషం నిలబడ్డ చోటే కూలిపోయింది. మంచు అయితే ఏడాది. వేడి అయితే ఎప్పటికీ లేదు. చేసిన మనిషికే తెలియదు. పీక దాకా వచ్చిన మాటను ఆమె బయటికి రానివ్వలేదు. అది వచ్చి ఉంటే తండ్రీకూతుళ్ళ మధ్య మళ్ళీ మాటలుండేవి కావు.

"నాకు కొన్నాళ్ళు టైమివ్వు" అన్నాడు ఆయన. "చెప్తాను. బావగారి ముఖం చూసి చెప్పగలిగే ధైర్యం తెచ్చుకోనివ్వు. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు. ఇన్నాళ్ళూ ఆయన్ని గాజు ఊదేవాడని లోపల్లోపల కాస్త తక్కువగానే చూశాను, నీ దగ్గర దాచడమెందుకు. ఇప్పుడాయన ముందు నిలబడటానికి నేనే చాలను."

"ఆయన రోజూ కుర్చీలో కూర్చుని తెల్లవారుస్తుంటే నువ్వు టైమడుగుతున్నావా నాన్నా?"

సరిగ్గా అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అమ్మవి కావు. ఒక మెట్టు, ఆగడం. రెండు మెట్లు, ఆగడం. ఆగినప్పుడల్లా ఊపిరి, పైపైన, తొందర తొందరగా. ఇలాంటి ఊపిరుల మధ్యే బంతులమ్మ ఉద్యోగం. ముఖం చూడకుండానే మనిషిని పోల్చగలదు. ఇది ఎవరిదో తెలిసి ఆమె ఒక్క అంగలో మెట్ల దగ్గరికి చేరింది.

"మామయ్యా! ఈ మెట్లెక్కడమేంటి? కింద కూర్చుంటే మేమే వచ్చేవాళ్ళం కదా! ఎవరు తీసుకొచ్చారు?"

గాజు మేస్త్రీ ఒక చేత్తో రెయిలింగ్ పట్టుకుని, ఇంకో చేత్తో పాతగుడ్డలో చుట్టిన పొట్లమేదో గుండెకి అదుముకుని ఉన్నాడు. పెదాలు కాస్త నల్లబడ్డాయి. అయినా నవ్వాడు. "మీ ఆయనే... దింపాడు. కింద మీ అమ్మ... ఆపబోయింది. వియ్యపురాలి మాట... వినే మొగాణ్ణా నేను?"

ఆమె భుజం పట్టి వరండాలోకి తీసుకొచ్చింది. పెద్ద డాక్టరు లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. తువ్వాలు ఇంకా నేల మీదే ఉంది. నీలం ముళ్ళు ఎండలో స్పష్టంగా కనబడుతున్నాయి. మేస్త్రీ వాటివైపు ఒకసారి చూశాడు, అదేమిటని అడగలేదు.

"కూర్చోండి బావగారూ" అన్నాడు పెద్ద డాక్టరు.

"కూర్చుంటాను. ముందు ఇది... తీసుకోండి. ఎప్పుడో ఇవ్వాల్సింది. మంచాన పడి... ఆలస్యమైంది."

మేస్త్రీ పొట్లాన్ని బల్ల మీద పెట్టి తనే విప్పాడు. గుడ్డ మడతల్లోంచి ఒక టీ గ్లాసు బయటికొచ్చింది. రెండు పొరల గాజు. లోపలి గ్లాసు బయటి గ్లాసులో తేలుతున్నట్టుంది, ఎంత వేడి టీ పోసినా చెయ్యి కాలదు. అంత పల్చటి గాజుకు అడుగు మాత్రం గుండులా బరువుగా ఉంది, తోసినా పడనంత. రెండు పక్కలా వేళ్ళు దిగి కూర్చోవడానికి లోతైన నొక్కులున్నాయి. మూతి బయటికి విచ్చుకోలేదు, లోపలికి వంగి ఉంది. ఎంత ఊగినా చుక్క ఒలకదు.

బంతులమ్మ గ్లాసును చూసింది, బల్ల మీద చల్లారిపోయిన సగం కప్పును చూసింది. ఇలాంటి గ్లాసు ఎలాంటి చేతికి చేస్తారో ఎవరూ చెప్పక్కర్లేదు.

పెద్ద డాక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఇది... ఎప్పుడు చేశారు బావగారూ?"

"ఇప్పుడెక్కడ చేస్తాను? ఇంత నున్నగా రావాలంటే... ఊపిరి నిలవాలి. ఆపరేషన్‌కి ముందు వారం చేశాను. నేను పూర్తిగా ఊదిన... ఆఖరిది ఇదే."

ముందు వారం. వరండాలో ముగ్గురున్నారు. ముగ్గురూ ఆ మాటను ఎవరికి వాళ్ళు లెక్కేసుకున్నారు. పెద్ద డాక్టరు వెనక్కి కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయి ముందుకొచ్చాయి. ఇక దాచడానికేముంది? కుడిచేయి అందరి ఎదురుగా వణుకుతోంది.

"తెలుసా మీకు?" అన్నాడు. "తెలిసే నా కత్తి కింద పడుకున్నారా? ఎందుకు బావగారూ? ఎందుకు పడుకున్నారు?"

గాజు మేస్త్రీ మెల్లిగా పేము కుర్చీలో కూర్చుని, నీలం ముళ్ళ మీద చెయ్యి ఆనించాడు. కోడలి వైపు ఒకసారి, వియ్యంకుడి వైపు ఒకసారి చూశాడు. జవాబు చెప్పడానికి నోరు తెరిచి, పీల్చిన గాలి చాలక మళ్ళీ మూసుకుని, ఆగమన్నట్టు చెయ్యెత్తాడు.

"చెప్తాను. ముందు నన్ను... కాస్త ఊపిరి తీసుకోనివ్వండి."